తీరం చేరని విహారం, పూర్తికాని మండపం

2022 జూన్ 8న ఎంప్రెస్ అనే విహారనౌక విశాఖపట్నం నుండి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి బయలుదేరినది. కార్డీలియా సంస్థ నడిపే నౌక అది. పదకొండు అంతస్తులు, భోజనశాలలు, ఈతకొలను, నాటకశాల, జూదశాల దానిలో ఉన్నవి. ఆంధ్రతీరం నుండి ఒక మధ్యతరగతి గృహస్థు ఇటువంటి యాత్రకు టికెట్టు కొనగలగటం అంతకుముందు దాదాపుగా ఎరుగని విషయం. జూన్ 10న నౌక పుదుచ్చేరి సమీపానికి చేరినది. ప్రయాణికులను దింపటానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. నౌకలో జూదం ఉన్నదని, అది ఆ ప్రాంతపు సంస్కృతికి విఘాతమని ఆక్షేపణ. శ్రీ అరవిందుల ఆశ్రమమున్న ఊరిని చూడబోయినవారు ఆ ఊరి నేలను తొక్కకుండానే చెన్నైకి మరలవలసి వచ్చినది.

ఈ నౌకకు ఇది తొలి విఘ్నం కాదు. అదే సంవత్సరం జనవరిలో, నూతన సంవత్సర విహారానికై ముంబయి నుండి గోవాకు వెళ్లినప్పుడు, సుమారు 2,000 మందిలో 66 మందికి కోవిడ్ సోకినట్లు తేలినది. ఉత్సవం మాట మరచి, నౌక మళ్లీ ముంబయికే పోయినది.

ఇటువంటి వార్త వచ్చినప్పుడు లోకం రెండు విధాలుగా స్పందిస్తుంది. డబ్బు తిరిగి ఇవ్వాలని కొందరు అంటారు. "భోగలాలసకు ఇదే ఫలం, ఇంట్లో కూర్చుని నామజపం చేసుకొంటే ఈ బాధ ఉండేదా" అని మరికొందరు అంటారు. రెండవ మాట ఆధ్యాత్మిక వేషం ధరించి వస్తుంది కనుక దానిని ముందుగా పరీక్షించటం ఉచితం. ఆ మాటలో శాస్త్రం లేదు. పురుషార్థాలు నాలుగింటిలో కామం ఒకటి. ధర్మానికి విరుద్ధం కాని కామాన్ని భగవంతుడు గీతలో తన స్వరూపంగానే చెప్పుకొన్నాడు. ఆలుబిడ్డలకు సముద్రం చూపించాలన్న గృహస్థుని కోరికలో అధర్మం ఎక్కడ ఉన్నది?

ముఖ్యంగా హిందూపురం వంటి ఊరి నుండి చూసినప్పుడు ఆ కోరిక ఎంత సహజమో తెలుస్తుంది. తూర్పు సముద్రమైనా పడమటి సముద్రమైనా అక్కడికి వందల కిలోమీటర్లు. ఆ సీమలో నీరు అంటే లెక్క. ట్యాంకరు వచ్చే రోజు, కుళాయి తిరిగే గంట, బోరు పడిన లోతు: వీటిని పిల్లలు కూడా కంఠస్థం చేస్తారు. పెన్నా నది పేరుకు పక్కనే ఉన్నా ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే దర్శనమిస్తుంది. ఆ నది నీటిని పెనుకొండకు తేవలసినదిగా ప్రతాప బుక్కరాయలు జలసూత్రజ్ఞుడైన సింగయభట్టును ఆజ్ఞాపించినట్లు 1388 నాటి శాసనం చెబుతున్నది. నీటిని తెచ్చుకొనటమే శాసనం చెక్కించవలసినంత ఘనకార్యమైన నేల అది. అక్కడ పుట్టినవానికి నాలుగు వైపులా నీరే ఉన్న చోట రెండు రాత్రులు నిద్రించాలని అనిపిస్తే, దానిని లాలస అనటం కేవలం పరుషత్వం.

ఆ ఊరి నుండి ఒక కుటుంబం అటువంటి యాత్రకు వెళ్లినదనుకొనవచ్చును. చింతపండు మండీలో గుమాస్తా, ఆయన భార్య, వృద్ధురాలైన అత్తగారు, ఇద్దరు పిల్లలు. రెండేళ్ల చీటీ పాడిన డబ్బు. నౌకలో కిటికీ లేని గది దొరుకుతుంది, ఎందుకంటే కిటికీ ఉన్న గదికి వెల వేరు. అత్తగారికి ఉల్లి వెల్లుల్లి లేని పదార్థమేదో ఎవరూ నిశ్చయంగా చెప్పరు. ఆమె పెరుగన్నంతో సరిపెట్టుకొంటుంది. "అన్నీ కలిపి" అన్న వెలలో కలవనివి ఒక్కొక్కటిగా బయటపడతాయి. రాత్రి నాటకశాలలో చెవులు గింగురుమనే సంగీతం. మూడవ నాడు చూడవలసిన ఊరు దూరాన ఆగిపోతుంది. పెనుకొండ స్టేషన్‌లో దిగే వేళకు, యాత్ర ఎలా ఉన్నదని అడిగిన బంధువుకు "బాగుంది" అని ఒక్క మాట చెప్పి ఊరుకొంటారు. ఆ ఒక్క మాట వెనుక ఉన్న మౌనమే విచారించవలసిన వస్తువు.

అది రెండు వేర్వేరు దుఃఖాల మిశ్రమం. ఒకటి అమ్మినవాడు బాకీ పడినది. రెండవది అమ్మినవాడు ఎంత నిజాయితీపరుడైనా, సముద్రం ఎంత శాంతంగా ఉన్నా, పుదుచ్చేరి ద్వారాలు తెరచినా కలిగి ఉండేది. ఈ రెంటినీ కలిపివేయటం వలననే లోకంలోని రెండు స్పందనలూ గురి తప్పుతున్నవి.

రెండవ దుఃఖాన్ని ముందు చూడవలెను, ఎందుకంటే దానిని గురించి ఋషులు చేసినంత విచారణ మరెవ్వరూ చేయలేదు. తైత్తిరీయోపనిషత్తులోని బ్రహ్మానందవల్లిలో ఆనందమీమాంస అనే భాగం ఉన్నది. ఆనందానికి అక్కడ ఒక కొలమానం నిర్ణయించబడినది. సద్గుణవంతుడు, విద్యావంతుడు, దృఢకాయుడు, బలిష్ఠుడు అయిన ఒక యువకుడు. సంపదతో నిండిన భూమి అంతా వానిది. అది ఒక మానుషానందం. దానికి నూరురెట్లు మనుష్యగంధర్వుల ఆనందం, దానికి నూరురెట్లు దేవగంధర్వులది. పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, ఇలా మెట్టు మెట్టుకు నూరేసి రెట్లు పెరుగుతూ లెక్క బ్రహ్మానందం వరకు పోతుంది. పైకి చూస్తే విహారనౌక ప్రకటనపత్రం కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. లోపలి గది, సముద్రం కనబడే గది, వసారా ఉన్న గది, రాజోచితమైన గది. అంతస్తు పెరిగిన కొద్దీ ఆనందం పెరుగుతుందని అక్కడా హామీయే.

కాని ఉపనిషత్తు తన లెక్కలో ఒక విశేషాన్ని చేర్చినది. రెండవ మెట్టు నుండి ప్రతి మెట్టు వద్దనూ, ఆ ఆనందం కామంచే దెబ్బతినని శ్రోత్రియునికి కూడా కలదు అని చెబుతూ పోతుంది. గంధర్వునికి ఎంతో వానికీ అంతే. ఇంద్రునికి ఎంతో వానికీ అంతే. మొదటి మెట్టు వద్ద మాత్రం ఆ మాట లేదు. ఈ భేదంపై భాష్యకారులు సూక్ష్మమైన విచారణ చేశారు. తాత్పర్యం ఇది: పై మెట్లు ఎక్కటానికి అక్కడ వస్తువు పెరగలేదు, కోరిక దెబ్బ తగ్గినది. నౌకలో ఏ అంతస్తుకు పోయినా ప్రయాణికుడు ఆ మొదటి మెట్టు మీదనే ఉంటాడు. పై అంతస్తువాడు ఇంకొక పెద్ద నౌకను తలచుకొంటూ ఉంటాడు.

పతంజలి దీనిని ఇంకా సమీపం నుండి చూపాడు. వివేకికి సుఖభోగం కూడా దుఃఖమే అని చెప్పటానికి ఆయన పరిణామం, తాపం, సంస్కారం అని మూడు హేతువులు ఇచ్చాడు. పరిణామదుఃఖం సులభంగా తెలిసేదే, భోగం ముగుస్తుంది, తృష్ణ పెరుగుతుంది. సంస్కారదుఃఖం ఇంటికి వచ్చాక తెలుస్తుంది. మండీలో కూర్చున్నవానికి పాత పని కొత్తగా భారమవుతుంది. కాని విహారనౌక రహస్యమంతా నడుమనున్న తాపంలో ఉన్నది. భోగిస్తున్న క్షణంలోనే భోగాన్ని కాల్చే వేడి అది. ఇచ్చిన సొమ్ముకు తగినంత సంతోషం వస్తున్నదా అని మనస్సు గంట గంటకూ లెక్క చూసుకొంటుంది. భోజనశాలలో ముందున్న వరుస మీద ద్వేషం. కొలను గట్టున కుర్చీపై తువ్వాలు వేసి స్థలం పట్టుకొన్న అపరిచితుని మీద ద్వేషం. పిల్లవాడు కడుపునొప్పి అని గదిలో పడుకొంటే, వానిపై జాలికన్నా ముందు "ఇంత ఖర్చు పెట్టి తీసుకువస్తే" అన్న మాట తల్లి నోట వస్తుంది. సుఖానికి అడ్డువచ్చినవానిపై పుట్టే ద్వేషం కూడా ఆ తాపంలోనిదే అని వ్యాసభాష్యం చెప్పినది. నౌక కదలకముందే, టికెట్టు కొన్ననాడే ఈ వేడి రగులుకొంటుంది.

పాశ్చాత్యులలోనూ దీనిని గమనించినవారు ఉన్నారు. అమెరికా రచయిత డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 1995లో కరీబియన్ సముద్రంలో ఏడు రాత్రుల విహారం చేసి సుదీర్ఘమైన వ్యాసం రాశాడు. అతనికి నౌకలో లోపాలు పెద్దగా కనబడలేదు. సేవకులు అడగకముందే అన్నీ అమర్చారు. అయినా రోజులు గడిచేకొద్దీ అతనిలో అసంతృప్తి పెరిగినది. ఏ కోరికనూ మిగలనివ్వమన్న హామీని మనిషిలోని శిశువు ఎన్నటికీ నమ్మదు, దానికి ఇంకా కావాలి అన్నది అతడు గ్రహించిన విషయం. సాంఖ్యం చదవకుండానే అతడు యయాతి కథకు దగ్గరగా వచ్చాడు. యయాతి కొడుకు యౌవనాన్ని అరువు తెచ్చుకొని వేయి సంవత్సరాలు భోగించిన తరువాత, నేతితో అగ్ని ఆరదని తెలుసుకొన్నాడు. వాలెస్‌కు ఏడు రాత్రులు సరిపోయినవి. కలియుగంలో ఆయువు తక్కువైనా అనుభవం త్వరగా వస్తుందని సంతోషించవచ్చును.

మరి ఆ కుటుంబం నౌకలో ఒక్క క్షణమైనా సుఖపడలేదా? తప్పక పడి ఉంటుంది. వేకువజామున నిద్ర పట్టని అత్తగారు మనుమరాలిని వెంటబెట్టుకొని పై అంతస్తుకు వచ్చినదనుకొనవచ్చును. ఎవరూ లేరు. నీరు, ఆకాశం ఒకే రంగులో ఉన్నవి. కొంతసేపటికి సూర్యుడు పైకి వచ్చాడు. ఆమె చేతులు జోడించినది, పిల్ల మాట్లాడలేదు. ఆ క్షణం ప్రకటనపత్రంలో లేదు, దానికి వెల కట్టబడలేదు. విద్యారణ్యుల పంచదశి ఈ విషయానికై చివరి ఐదు ప్రకరణాలను కేటాయించినది, వాటిలో కడపటిది విషయానందం గురించినదే. విషయం వలన కలిగిన సుఖం విషయంలో లేదు. కోరిక క్షణకాలం శమించగా అంతర్ముఖమైన వృత్తిలో బ్రహ్మానందమే ప్రతిఫలిస్తుంది అన్నది అక్కడి సిద్ధాంతం. విషయానందాన్ని విద్యారణ్యులు ఛీకొట్టలేదు. దానిని బ్రహ్మానందానికి ద్వారంగా చూపారు. పెనుకొండ దుర్గాన్ని రెండవ రాజధానిగా చేసుకొన్న విజయనగరంతో ఆయన పేరు ముడిపడి ఉండటం ఆ సీమవారికి ఒక సౌభాగ్యం. రాజ్యాన్ని ఎరిగినవాడు భోగాన్ని ఎరగకుండా మాట్లాడడు.

కాబట్టి రెండవ దుఃఖం ప్రయాణికుని విద్య. దానిని ఎవరూ తీర్చలేరు, తీర్చవలసిన పనీ లేదు. మొదటి దుఃఖం సంగతి అలా కాదు.

ఇక్కడనే నేటి ఆధ్యాత్మిక ప్రసంగాలలో ఒక పెద్ద అపచారం జరుగుతున్నది. మోసపోయినవాడు న్యాయం అడిగితే "అంతా మిథ్య, ఆశే దుఃఖహేతువు" అని వానికి ఉపదేశిస్తారు. అమ్మినవానికి మాత్రం ఎవరూ ఏ ఉపదేశమూ చేయరు. వ్యావహారిక సత్తలో వెల పుచ్చుకొన్నవాడు వ్యావహారిక సత్తలోనే వస్తువు ఇవ్వవలెను. పారమార్థికాన్ని అడ్డుపెట్టి బాకీ ఎగవేయటం అద్వైతం కాదు. చెప్పిన ఊరికి చేర్చనివాడు, రేవులో అనుమతి ఉన్నదో లేదో నిశ్చయం కాకుండా టికెట్టు అమ్మినవాడు వినియోగదారుల రక్షణ చట్టం ముందు నిలబడవలసినదే. 2019 నాటి ఆ చట్టంలో సేవాలోపం అన్న మాట ఉన్నది. దానిని ఆశ్రయించటం వైరాగ్యానికి భంగం కాదు. గుమాస్తా తన రెండేళ్ల చీటీ డబ్బులో కొంతైనా అడిగి తెచ్చుకొంటే ధర్మానికే మేలు.

పాలకుల ధర్మం కూడా ఇందులో ఉన్నది. జూదాన్ని నిరోధించటంలో తప్పు లేదు. ఋగ్వేదంలోనే జూదరి విలాపం ఒక సూక్తమై ఉన్నది. మనువు ద్యూతాన్ని వ్యసనాలలో చేర్చాడు. జూదశాలకు తాళం వేయించి ప్రయాణికులను దింపవచ్చును కదా అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. పాచికలు ముట్టని వృద్ధురాలికి, పిల్లలకు సంస్కృతి పేరిట తీరం మూసివేయబడినది. ఈ సందర్భంలో తెలుగునేల మీదనే ఉన్న ఒక శాసనం స్మరణీయం. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని ధనాన్ని పూర్వరాజులు సర్వం స్వాధీనం చేసుకొనేవారు. అలా చేయనని, నియతమైన సుంకం తప్ప మరేమీ పుచ్చుకొననని ఆయన మాట ఇచ్చాడు. ప్రాణాన్ని ఒడ్డి సముద్రంపై వచ్చేవారిపై దయ, కీర్తి, ధర్మం అందుకు కారణాలుగా చెప్పుకొన్నాడు. సముద్రం మీద నుండి వచ్చినవాడు ఎవడైనా ముందుగా అభయార్హుడు అన్నది ఆ మాటలోని భావం. సంస్కృతిని కాపాడదలచినవారికి అది కూడా సంస్కృతియే.

సముద్రయానమే నిషిద్ధం కదా అని ధర్మశాస్త్రం తెలిసినవారు ఆక్షేపించవచ్చును. బౌధాయనుడు దానిని పతనహేతువులలో లెక్కించిన మాట నిజం. ఆ నిషేధం ఉండగానే మోటుపల్లిలో ఓడలు ఆగినవి, రాజు సుంకం పుచ్చుకొన్నాడు, ఆ శాసనం సంస్కృతంలోనూ తెలుగులోనూ చెక్కబడినది. ఆ చర్చను సాగదీయటంలో ఈనాడు ప్రయోజనం కనబడదు.

తీర్థయాత్రకు పోతే ఈ ఆశాభంగం ఉండదు అనటం కూడా అంత సులభం కాదు. తిరుమలలో గంటల తరబడి నిలబడినవానికి గర్భాలయం ఎదుట దక్కేది ఒక్క నిమేషం, అంతలోనే "జరగండి" అన్న కేక. ప్రత్యేక దర్శనపు టికెట్టు, బస, భోజనం కలిపి అమ్మే తీర్థయాత్రలలో విహారనౌకలోని తాపమే కాషాయం కట్టుకొని కూర్చుంటుంది. ఆ గదికన్నా ఈ గది మేలు, ఆ వరుసకన్నా ఈ వరుస వేగం. అయినా ఆ ఒక్క నిమేషానికి పోయినవాడు మళ్లీ పోతాడు. నౌకలో పోయినవాడు సాధారణంగా ఇంకొక నౌకను వెదకుతాడు. ఈ భేదం క్షేత్రమహిమ వలననే అని సరిపెట్టుకొంటే విచారం ఆగిపోతుంది. భేదం సంకల్పంలో ఉన్నది. తిరుమలకు మొక్కు చెల్లించబోయినవాడు ఇవ్వటానికి పోతున్నాడు. తలనీలాలు ఇచ్చి, హుండీలో వేసి వస్తాడు. ఇవ్వబోయినవానికి తక్కువ దక్కినదన్న లెక్క పూర్తిగా పట్టదు. ఇచ్చే సంకల్పం లేక కేవలం దర్శనాన్ని కొనుక్కొని పోయినవాడు కొండ మీద నుండి కూడా ముఖం వేలాడవేసుకొనే దిగుతాడు.

ఆ కుటుంబానికి తెలిసిన ఉదాహరణ ఇంకా దగ్గరలో ఉన్నది. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపన్న కట్టించిన వీరభద్రాలయం అక్కడ ఉన్నది. ఆలయానికి వెనుకవైపు శివపార్వతుల కల్యాణానికై తలపెట్టిన మండపం పైకప్పు లేకుండా స్తంభాలతో ఆగిపోయినది. రాజధనాన్ని ఆలయానికి వెచ్చించాడని రాజు ఆగ్రహించగా, విరూపన్న తన కన్నులు తానే పెరికి గోడకు విసరినాడని స్థానిక గాథ. గోడ మీది ఎర్రని మచ్చలను ఇప్పటికీ చూపిస్తారు. గాథ మాట ఎలా ఉన్నా, మండపం పూర్తికాలేదన్నది కంటికి కనబడే సత్యం. దాదాపు ఐదు వందల ఏళ్లుగా పెళ్లి జరగని పెళ్లిమండపం అది.

అయినా లేపాక్షికి వెళ్లి వచ్చినవారు "మండపానికి పైకప్పు లేదు, మోసపోయాము" అనరు. సగంలో ఆగిన స్తంభాల నడుమ ఎండలో నిలబడి, మీద చేయి వేసి, పిల్లలకు కథ చెప్పి వస్తారు. అదే మనుషులు పుదుచ్చేరి చూపని నౌకను జీవితాంతం తిట్టుకొంటారు. రెండూ అసంపూర్ణాలే. నౌకలో సంపూర్ణత్వం ముందుగానే అమ్ముడుపోయినది, కనుక అక్కడ జరిగినదంతా దానిలో నుండి తీసివేతగా కనబడుతుంది. లేపాక్షిలో ఎవరూ దేనినీ అమ్మలేదు, కనుక ఉన్నదంతా చేరికగా కనబడుతుంది. పైకప్పు లేని చోట ఆకాశాన్ని చూసినవానికి లోటు తోచదు. కిటికీ లేని గదికి డబ్బు కట్టినవానికి ఆకాశమంతా లోటే.

దీని అర్థం నౌకలు ఎక్కవద్దని కాదు. విశాఖలో 2023 సెప్టెంబరులో విహారనౌకలకై ప్రత్యేకమైన టెర్మినల్ ప్రారంభమైనది. రాయలసీమ నుండి కూడా జనం వెళతారు, వెళ్లాలి కూడా. వెళ్లేవారు టికెట్టు వెనుక చిన్న అక్షరాలను చదువుకొని, రావలసిన బాకీని నిర్మొహమాటంగా రాబట్టుకొంటే చాలు. సూర్యోదయాన్ని ఆ లెక్కలో వేయకుండా ఉంటే ఇంకా మంచిది.

లేపాక్షి లతామండపంలో స్తంభం స్తంభానికీ వేరైన తీగలు, పువ్వులు చెక్కి ఉన్నవి. ధర్మవరం నేతగాళ్లు వాటిని చూసుకొని పట్టుచీరల అంచులలోకి దించుకొన్నారు. ఆ చీరలు కట్టుకొని పీటల మీద కూర్చున్న వధువులు ఆ సీమలో ఎందరో లెక్క లేదు. శివపార్వతుల మండపానికి పైకప్పు ఇప్పటికీ లేదు.